వేళ్ళు చెప్పిన ధర

కుర్చీ మరీ మెత్తగా ఉంది, మెత్తటి కుర్చీలో కూర్చుంటే నాకు ఎక్కడికో జారిపోతున్నట్టుంటుంది, అందుకే అంచున కూర్చున్నాను, పక్క కుర్చీలో మా ఆవిడ మాత్రం అందులోనే పుట్టి పెరిగినట్టు వెనక్కి ఆనుకుని, చెప్పులు విప్పి, చల్లటి నేల మీద పాదాలు ఆనించి కూర్చుంది. బంగారం కొట్టు యజమాని పాత నాణేలు తెస్తానని లోపలి ఇనప్పెట్టె గదిలోకి వెళ్ళాడు. గాజుబల్ల మీద రెండు గ్లాసుల మంచినీళ్ళు పెట్టి వెళ్ళాడు, ఆమె తన గ్లాసు ఎక్కడుందని అడక్కుండానే అందుకుని తాగింది, గ్లాసు బల్లని తాకినప్పుడు వచ్చిన చప్పుడు చాలు ఆమెకి. చిన్నప్పటి జ్వరం ఆమె చూపుని తీసుకుపోయింది. నేను చేసుకునేనాటికి వెలుగూ చీకటీ తేడా మాత్రం మిగిలి ఉండేది, తర్వాత అదీ పోయింది. ఈ కొట్టాయనకి ఆ సంగతి ఇంకా తెలియదు, ఎదుటివాళ్ళ గొంతు వైపు ముఖం పెట్టి మాట్లాడుతుంది కదా, చాలామందికి వెంటనే తెలియదు. చూస్తూ ఉండండమ్మా అని రంగుబొమ్మల పుస్తకం ఒకటి ఆమె ముందు తెరిచిపెట్టి వెళ్ళాడు. ఆమె దాని మీద అరచెయ్యి వేసి, కాగితం, అనుకుని, పక్కకి జరిపేసింది.

వచ్చే వారం నా గుండె కోస్తారు. డాక్టరు ఆ మాట మా ఇద్దరి ముందే చెప్పాడు, దాచిందేమీ లేదు. లోపల ఒక తలుపు సరిగ్గా మూసుకోవడం లేదట, దాన్ని బాగుచేయాలట, చేయించుకున్నవాళ్ళలో ఎక్కువమంది లేచి నడుచుకుంటూ ఇంటికి పోతారట. ఎక్కువమంది అన్న మాట దగ్గర మా ఆవిడ తల కొంచెం పక్కకి వంచింది, సంతలో ఎవడైనా ఎద్దు మంచిది అనకుండా, మంచిదనే అంటారండీ అన్నప్పుడు నేను వంచినట్టు. ఇంటికొచ్చి తాళం తీస్తుంటే, అమ్మేద్దాం, అంది. ఏమిటని నేనడగలేదు. రోడ్డు పక్కన పశువులు కట్టే దొడ్డి, రేకుల పాక, ఉన్న నాలుగు పశువులు, అన్నీ పోయాయి, ఆఖరి ఆవుని తోలుకెళ్తుంటే అది ఒక్కసారి కూడా వెనక్కి తిరగలేదు, మంచిదే అయింది. మాకు పిల్లలు లేరు. నేను లేచి నడుచుకుంటూ రాని ఆ కొద్దిమందిలో ఉంటే, ఆమె బతకాల్సింది ఈ సొమ్ము మీదే, ఒక్కతీ, కళ్ళు లేకుండా, పక్కన నేను లేకుండా. ఎవడూ ఆమెని ముంచలేని రూపంలో దీన్ని ఆమె చేతిలో పెట్టగలనా లేదా, ఈ కుర్చీ అంచున కూర్చుని నేను తేల్చుకోవలసింది అదొక్కటే.

నోట్లుగా ఉంచుదామంటే నోట్లు ఆమెతో అబద్ధమాడాయి. పాత నోట్లు పెద్దవి పెద్దగా, చిన్నవి చిన్నగా ఉండేవి, వేలి కణుపుకి ఆనించి ఏది ఏదో చెప్పేది. కొత్తవి వచ్చాక అన్నీ అక్కచెల్లెళ్ళలా ఒకే ఎత్తుకి వచ్చేశాయి, కిరాణా కొట్లో చిన్నదనుకుని పెద్దది ఇచ్చి వచ్చింది, కొట్టువాడు వెనక్కి పిలవలేదు. సంగతి తెలిశాక ఏడవలేదు, వాణ్ణి తిట్టలేదు కూడా, కాగితానికి సిగ్గులేదు, అంది. బ్యాంకులో వేద్దామంటే, అక్కడ బల్ల వెనకాల కూర్చునే అమ్మాయి మంచిపిల్లే, ప్రతి అక్షరం చదివి వినిపిస్తుంది. ఆ పిల్ల బదిలీ అయిపోతే, అంది మా ఆవిడ. బంగారమన్నది ఆమే. బరువుంటుంది, బరువు నాకు తెలుస్తుంది, అంది, నేను దీపం ఆర్పాను, ఆమెకి అక్కర్లేని దీపం, నాకోసం వెలిగించి ఉంచేది.

మాకు తెలిసినంతలో బంగారం ఒకటే రకం. ఇక్కడికొచ్చాక తెలిసింది రెండు రకాలని. ఒకటి ఇప్పటి బంగారం, కొత్తగా అచ్చువేసిన బిళ్ళలు, కడ్డీలు, ఎంత బరువో అంత ధర, ఏ రోజు రేటు ఆ రోజు. రెండోది పాతకాలపు నాణేలు, ఎప్పుడో పోయిన రాజుల ముఖాలవి, వాటికి బంగారం ధర మీద ఇంకో ధర ఉంటుంది, ముచ్చటపడి పోగేసుకునేవాళ్ళు ఇచ్చే ధర. బంగారం రేటు పడినా వీటి మోజు పడదు పెద్దాయనా, అన్నాడు కొట్టాయన. కుర్రతనం ఇంకా పూర్తిగా పోని ముఖం, అద్దం పెట్టి పెట్టి ఒక కన్ను కొంచెం చిన్నదైన మనిషి, మాట నెమ్మది. మోసగాడిలా లేడు. మోసగాడైతే నాకు తేలిక. తాను చెప్పేది తానే నమ్మినవాడి దగ్గర బేరం కష్టం, వాడి ముఖంలో పట్టుకోవడానికి ఏమీ దొరకదు.

నేను చూడని ముఖాలా, పశువుల సంతలో దళారిగా బతికినవాణ్ణి. మా సంతలో ధర నోటితో చెప్పరు. అరిచి చెబితే చుట్టూ మూగినవాళ్ళు బేరం చెడగొడతారని, అమ్మేవాడి చేతినీ కొనేవాడి చేతినీ ఒక తువ్వాలు కింద కలుపుతాం. ఒక వేలు పట్టుకుంటే ఒకటి, అన్నీ కలిపి పట్టుకుంటే ఐదు, అరచేతిలో గీరితే సగం, మణికట్టు నొక్కితే ఇక కుదరదని. పైన ముఖాలు వానల గురించి మాట్లాడుకుంటుంటాయి, కింద చేతులు పోట్లాడుకుంటుంటాయి. నాకు ఆ పని కుదిరిందంటే కుదరదా మరి, మాట రాక కాదు గానీ మాట తీయడమంటే నాకు బావిలోంచి రాయి తీసినంత పని, సంతంతా నన్ను మూగన్న అనే పిలిచేది. నాతోపాటు దళారీ చేసే జేబుల మామ, వాడి కోటుకి ఎన్ని జేబులో వాడికే తెలియదు, నోరు మూతపడేది కాదు, ఒరే మూగన్నా, నీ వాటా మాటలు కూడా నాకే ఇచ్చేశార్రా పైన, మోయలేక చస్తున్నా, అనేవాడు. నేను నవ్వేవాణ్ణి. నవ్వడానికి మాట అక్కర్లేదు.

పెళ్ళైన కొత్తలో సంత నుంచి ఇంటికి వెళితే, ఏం జరిగిందివాళ, అని అడిగేది. ఏం చెప్పను. కళ్ళున్న మనిషైతే నా ముఖం చూసి సగం తెలుసుకునేది. ఒకరోజు ఆమె అడిగి అడిగి ఊరుకున్నాక, నాకే మనసుకి ఎలాగో అయి, ఆమె చెయ్యి తీసుకుని, దుప్పటి మీదికి లాక్కుని, ఆ రోజు జరిగిన బేరమంతా ఆమె వేళ్ళలో చెప్పాను, వాడు ఇదన్నాడు, నేను ఇది తగ్గించాను, వాడు ఇక్కడ మణికట్టు నొక్కాడు, నేను వదల్లేదు. ఆమె నవ్వింది, అలా నవ్వగలదని నాకు అంతవరకూ తెలియదు, ఇంకోటి చెప్పు, అంది. ఆ తర్వాత మా సంసారమంతా అలాగే మాట్లాడుకున్నాం. పోట్లాటలు కూడా అక్కడే, ఆమెకి కోపమొస్తే నా చిటికెన వేలు పట్టుకుని వెనక్కి వంచేది, అది మా సంతలో లేని మాట, ఆమె కనిపెట్టింది. కొన్నాళ్ళకి నా బేరాల్లో తప్పులు చెప్పడం మొదలుపెట్టింది. నువ్వు ఇక్కడ ఆగావు చూడు, ఈ వేలు పట్టుకునే ముందు, అక్కడే వాడికి నీ లోపలిది తెలిసిపోయింది, అనేది. ధర వేలిలో లేదయ్యా, వేలు కదలకుండా ఆగినంతసేపట్లో ఉంది, అనేది. నేను ఆ పనిలో పెరిగినవాణ్ణి, ఆ ముక్క నాకెవరూ చెప్పలేదు. ఒకసారి సంతకి తీసుకెళ్ళాను, అందరూ చూస్తుండగా జేబుల మామ వేళాకోళానికి తువ్వాలు కింద ఆమెకి చెయ్యి ఇచ్చాడు, రెండు నిమిషాల్లో చెయ్యి లాక్కుని జేబులన్నీ తడుముకుంటూ, ఒరే, ఈవిడ నా జేబులోకి చూసేస్తోందిరో, అని అరిచాడు. సంతంతా ఘొల్లుమంది. ఆమె మాత్రం తువ్వాలు మడతపెట్టి నాకిచ్చి, ఎండగా ఉంది, ఇంటికి పోదాం పద, అంది.

కొట్టాయన వచ్చాడు. నల్లటి మఖమలు పరిచిన పళ్ళెం, దాని మీద పాత నాణేలు, కొన్ని గాజులాంటి డబ్బాల్లో బిగించి ఉన్నాయి, కొన్ని విడిగా ఉన్నాయి. చేతులకి తెల్లటి తొడుగులు వేసుకొచ్చాడు, పురుడు పోసేదానిలా. ఒకటి రెండు వేళ్ళతో అంచులు పట్టుకుని ఎత్తి, మా తాత తాతలనాటిది పెద్దాయనా, ఎంత అరిగినా ముఖం ఎలా నిలబడిందో చూడండి, అన్నాడు. నాకు నోరు జారింది, నోరు తెరవనివాడికి అదే గండం. ముసలిది కదా, మరి ఎంత తగ్గిస్తావు, అన్నాను. నా తప్పు కాదు, పుట్టి బుద్ధెరిగినప్పట్నుంచీ పళ్ళు అరిగినకొద్దీ ధర తగ్గే సరుకే చూశాను, పశువు నోరు తెరిచి చూడటం, వయసు చెప్పడం, తగ్గించడం, అదే నా బతుకు. కొట్టాయన నేను పరాచికమాడుతున్నానేమోనని ఒక నిమిషం చూసి, ముసలిదనే కదండీ ఎక్కువ, అన్నాడు. మా ఆవిడ కిసుక్కున నవ్వింది. నాకు మాత్రం నవ్వు రాలేదు, ఒళ్ళంతా ఏదో వెచ్చగా పాకింది. వయసు పెరిగినకొద్దీ ధర పెరిగే సంత ఒకటుందన్నమాట లోకంలో! ఇన్నాళ్ళూ ఎవరూ చెప్పరే! నన్ను కూడా అలా మఖమలు మీద పడుకోబెట్టి, తెల్ల తొడుగులు వేసుకుని, కంటికి అద్దం పెట్టుకుని, ఈ అరుగుదల చూశారా, ఈ మోకాలు చూశారా, ఇలాంటిది ఇప్పుడు దొరకదండీ అని ఎవరైనా అంటే ఎంత బాగుండు, డాక్టరు కూడా ఆ తొడుగులే వేసుకుంటాడు కానీ ఆ మాట అనడు.

అక్కడే నా మనసు పాత నాణేల వైపు ఒరిగిపోయింది. ఒరుగుతోందని నాకు తెలుస్తూనే ఉంది. ఒక్కో నాణేనికీ ఒక్కో కథ చెబుతున్నాడు, ఇది ఓడలో మునిగి తేలింది, ఇది ఒక్క ఏడాదే వేశారు, ఈ రాజు ఏలింది కొన్ని నెలలే అందుకని వీడి ముఖానికి గిరాకీ, పనికిరాని రాజుకి కూడా గిరాకీ! సంతలో ఎద్దుకి పళ్ళు తక్కువైనకొద్దీ అమ్మేవాడి దగ్గర కథలు ఎక్కువయ్యేవి, కథ మొదలవగానే నేను ముఖం తిప్పేసుకునేవాణ్ణి, ఇప్పుడు మాత్రం చెవులొగ్గి వింటున్నాను. వీటి రంగే వేరు, కొత్త బంగారంలో ఉన్న ఉలికిపాటు లేదు, సాయంత్రపు ఎండలా, కోతకొచ్చిన చేలా, నెమ్మదిగా లోపల్నుంచి వచ్చే వెలుగు. ఇవి కొందాం. ఆమె పెట్టెలో ఇవి ఉంటే నేను ఉన్నట్టే ఉంటుంది, పాతవి, అరిగినవి, మాట్లాడనివి, ధర పెరిగేవి. ఇవే కొందాం అని నోరు తెరవబోయాను, ఈసారి జారడం కాదు, నిజంగానే తెరవబోయాను, ఆమె చెయ్యి చాపింది.

"ఒకటి ఇలా పెట్టు నాయనా," అంది. అరచెయ్యి తెరిచి, కొట్టాయన గొంతు ఉన్న దిక్కుకి చాపింది, కొంచెం పక్కకి. అప్పుడు చూశాడతను ఆమె కళ్ళు. గాబరా పడ్డాడు, రంగుబొమ్మల పుస్తకం గబగబా మూశాడు, అందరూ చేసే పనే తనూ చేశాడు, గొంతు పెంచి, "ఇది చాలా పాతదమ్మా!" అని అరిచినంత పనిచేశాడు.

"చెవులు బాగానే ఉన్నాయి నాయనా," అంది మా ఆవిడ.

డబ్బాలో ఉన్నది ఒకటి చేతిలో పెట్టాడు. ఇది డబ్బా, బిళ్ళ ఏది, అంది. తీస్తే ధర పడిపోతుందమ్మా, వేలి చెమట తగిలినా మచ్చపడుతుంది, అన్నాడు. ఊరుకోకుండా విడిగా ఉన్నవాటిలోంచి ఒకటి ఏరి, తొడుగు వేళ్ళతో, ఆమె అరచేతి మధ్యలో పెట్టాడు, మంచివాడే. ఆమె దాన్ని వెంటనే తడమలేదు. ముందు ఊరికే ఉంచుకుంది, బరువు అరచేతిలోకి దిగనిచ్చింది, తర్వాత బొటనవేలితో రాజు ముఖం మీదికి వెళ్ళింది, నుదురు, ముక్కు, మెడ. "పాపం, ముక్కు అరిగిపోయింది," అంది. "ఎంతమంది పట్టుకున్నారో." ఆ మాటలో ముచ్చట ఉంది, నాకు ధైర్యం వచ్చింది. కానీ వెంటనే, "దీనికి పైధర దేంట్లో ఉంది?" అని అడిగింది. ఏటా మారే అంకె, మెడ కింద చిన్న అక్షరం, మెరుపు, ఎన్ని మిగిలాయన్న లెక్క, అన్నీ ఓపిగ్గా చెప్పాడు. ఆమె విన్నది. "ఇవన్నీ కంటి సంగతులు," అంది, తప్పుపట్టినట్టు కాదు, కూరగాయ చవగ్గా ఉందన్నట్టు. "నేను అమ్మేనాడు ఎవరో చూసి, ఉంది అంటే ఉంది, లేదు అంటే లేదు." నా లోపల సాయంత్రపు ఎండ ఒక గజం వెనక్కి జరిగింది.

తర్వాత కొత్త బంగారం. కడ్డీ ఒకటి తెచ్చాడు, అట్టముక్క మీద పెట్టి పైన ప్లాస్టిక్కు వేసి అంచులు అతికించి ఉంది, అంకెలు ముద్రించి ఉన్నాయి. దీన్నీ తెరవకూడదట, తెరిస్తే మళ్ళీ పరీక్షలట. "చెయ్యి తగిలితే తగ్గిపోయే బంగారం నేనేం చేసుకోను," అంది, అని తన మాటకి తనే నవ్వింది, కొట్టాయన కూడా నవ్వాడు, నవ్వుతూ బల్లసొరుగు లాగి, ఒక గొట్టంలోంచి విడి బిళ్ళలు, ఇప్పటివి, కొత్తవి, ఏ కథా లేనివి, ఆమె చేతిలోకి జార్చాడు. అవి ఒకదాని మీద ఒకటి పడ్డ చప్పుడుకి ఆమె ముఖం ఎలా మారిందో నేనే చూశాను, దాణాతొట్టిలోకి గింజలు పడ్డప్పుడు పశువు చెవి నిలబడినట్టు ఆమె మనిషంతా నిలబడింది. ఒకటి ఒక చేతిలో, ఒకటి ఇంకో చేతిలో పెట్టుకుని తూచింది. అంచు చుట్టూ గోరు నడిపింది. ఇంకోటి తీసింది, దాని చుట్టూ నడిపింది. అన్నీ ఒకటే, అంది. అవునమ్మా, ఒక దానికీ ఇంకోదానికీ తేడా ఉండదు, అదే వీటి లోపం, అన్నాడు కొట్టాయన. ఆమెకి కావాల్సింది అదే. ఆమె నా వైపు తిరిగి, "తువ్వాలు ఇలా ఇవ్వు," అంది.

భుజం మీది తువ్వాలు తీసిచ్చాను. ఆమె తువ్వాలుని గాజుబల్ల మీద పరిచి, "నాయనా, ఇప్పుడు నువ్వు అమ్మేవాడివి కాదు. నేను అమ్మడానికి వచ్చాను, ఒక్కదాన్నే వచ్చాను, పక్కన ఈయన లేడు. నువ్వు కొనాలి. ఎంతిస్తావో నోటితో వద్దు, నా చేతిలో చెప్పు," అంది. పక్కన ఈయన లేడు అన్నప్పుడు ఆమె గొంతు మామూలుగానే ఉంది. ఎలా చెప్పాలో అతనికి నేర్పింది, ఒకటి ఇలా, ఐదు ఇలా, సగం ఇలా. అతనికి సరదా పుట్టింది, చెయ్యి చాపాడు. "తొడుగు తియ్యి," అంది. తీశాడు. అదే సమయానికి వీధి తలుపు తెరుచుకుని ఒకావిడ లోపలికి వచ్చింది, మెడలో కొలతల టేపు వేలాడుతోంది, దర్జీ అయి ఉంటుంది, చేతిసంచీని కడుపుకి అదుముకుని, ఈ వింత చూసి, తలుపు దగ్గరే నిలబడిపోయింది.

పాత నాణెం ముందు. తువ్వాలు కింద ఏమవుతోందో నాకు కనబడదు, ఇన్నేళ్ళ నా బతుకులో అసలు బేరంలో మొదటిసారి తువ్వాలుకి ఇవతల ఉన్నాను. పైన ఇద్దరి ముఖాలూ ఉన్నాయి. కొట్టాయన ముఖంలో మొదట చిరునవ్వు, తర్వాత కొంచెం ఆలోచన, తర్వాత నుదుటి మీద ఒక గీత, తువ్వాలు కొంచెం కదిలింది, ఆగింది, చాలాసేపు ఆగింది, మళ్ళీ కదిలి వెనక్కి వచ్చినట్టనిపించింది. ఆమె ముఖంలో ఏమీ లేదు, నా దగ్గరే నేర్చుకుంది ఆ ఏమీ లేకపోవడం. "ఎందుకాగావు?" అంది. కొట్టాయన నిజాయితీగానే చెప్పాడు, ఆ మాట నేను ఎప్పటికీ గౌరవిస్తాను. "సరైన మనిషి రావాలమ్మా. ముచ్చటపడేవాడు వస్తే నేను అమ్మినదానికంటే ఎక్కువే పెడతాడు. రాకపోతే నేనిచ్చేది బరువుకే."

"ఆ సరైన మనిషి వచ్చేదాకా నా పొయ్యి ఆగుతుందా?" అంది.

తర్వాత కొత్త బిళ్ళ. ఈసారి తువ్వాలు ఆగలేదు. చెయ్యి పెట్టీ పెట్టగానే వేలు పట్టుకున్నాడు, ముఖం మీద గీత కూడా రాలేదు, తను అమ్మే ధరకి అరచేతిలో ఒక్కసారి గీరినంత తక్కువకి చెప్పేశాడట, తర్వాత ఆమె చెప్పింది. ఆమె ఇంకోసారి అడిగింది, ఊరికే, అదే వేలట, అదే వేగం. అప్పుడు మా ఆవిడ తువ్వాలు కింద నుంచి చెయ్యి తీసి ఒళ్ళో పెట్టుకుంది, బేరం ముగిసినప్పుడు దళారీ చేసే పని అది, ఎవరూ నేర్పకుండానే చేసింది. "వీటినే ఇవ్వు," అంది. "చిన్నవి ఇవ్వు, పెద్దవి వద్దు. కావాల్సినప్పుడు ఒకటి తెచ్చి అమ్ముకుంటాను, మిగతావి ఇంట్లో ఉంటాయి."

నేను ఓడిపోయాను. పాత నాణేలు మఖమలు మీద ఇంకా అలాగే వెలుగుతున్నాయి, ఆ రాజుల ముఖాలు నా వైపే చూస్తున్నాయి, మీరు మంచివాళ్ళే బాబూ, మీ తప్పు లేదు, కళ్ళూ తీరికా ఉన్న ఇంటికి వెళ్ళండి. ఓడిపోయినందుకు ఇంత ఒళ్ళు పొంగుతుందని ఎవరైనా ముందే చెప్పి ఉంటే సంతలో ఇంకో నాలుగు బేరాలు ఓడిపోయేవాణ్ణి. ఇన్నాళ్ళూ ఏమనుకున్నాను, నేను ఆమెకి కళ్ళననుకున్నాను, నేను పోతే ఆమె చీకట్లో నిలబడిపోతుందనుకున్నాను, నడిచిన దారిలో ప్రతి రాయీ నేనే చెప్పాననుకున్నాను, అదేం కాదు, దుప్పటి మీద నేను నా బేరాలు చెప్పుకుంటుంటే ఆమె వాటిని వడకట్టుకుంటూ వచ్చింది, నేను సంతలో ఒక్కో ఎద్దుని అమ్ముకుంటుంటే ఆమె ఇంట్లో కూర్చుని సంతనే సంపాదించుకుంది. డాక్టరూ, నీ కత్తి పట్టుకుని రావయ్యా. ఆ తలుపు బాగుపడుతుందో ఊడిపోతుందో నీ ఇష్టం, నేను ఆ బల్ల మీద కాళ్ళు చాపుకుని పడుకుంటాను, పొద్దున్నుంచీ నా ఛాతీ మీద కూర్చున్నది లేచి పోయింది, అది గుండె జబ్బు కాదు, ఇప్పుడు తెలిసింది. ఛాతీలో అంత చోటుందా! నాకు పాడాలనిపించింది. పాట రాదు కాబట్టి మిగిలిన మంచినీళ్ళు గటగటా తాగేశాను.

అంతటితో ఆమె వదల్లేదు. కొనే ధర దగ్గర మళ్ళీ తువ్వాలు లాగింది. అమ్మా, ఇందాకే కదా నేను కొనేదీ అమ్మేదీ రెండూ చెప్పేశాను, ఇంక నా దగ్గరేముంది, అని కొట్టాయన మొత్తుకున్నాడు, మొత్తుకుంటూనే చెయ్యి ఇచ్చాడు. ఇందాక ఆ గీరినంత ఉంది కదా మధ్యలో, అందులో సగం తగ్గించు, ఏటా రెండుసార్లు నీ కొట్టుకే వస్తాను, ఇంకో గడప తొక్కను, అంది. అతను కాసేపు పైకప్పుకి దండం పెట్టినట్టు చూసి, తలూపాడు. ఊపినది ఆమెకి కనబడదని గుర్తొచ్చి, సరేనమ్మా అన్నాడు, ఈసారి అరవలేదు, మామూలుగా అన్నాడు. బిళ్ళలు ఒక్కొక్కటీ ఆమె చేతి మీదుగా సంచీలోకి వెళ్ళాయి, ఒకదాని దగ్గర ఆగి, మళ్ళీ తడిమి, ఇది కూడా మంచిదేలే, అని వేసింది, కావాలనే అందని నాకు తెలుసు, కొట్టాయన గుండె ఒకసారి ఆగి ఉంటుంది. చీటీ ఎవరి పేరు మీద రాయమంటారు పెద్దాయనా, అని నన్ను అడిగాడు. "పెద్దావిణ్ణి అడుగు," అంది మా ఆవిడ.

ఇక పోదామని నేను కర్ర అందుకుని లేచాను, ఆమె పాదాలతో చెప్పులు వెతుక్కుంటోంది. అప్పుడు తలుపు దగ్గరి దర్జీ ఆవిడ నాలుగడుగులు ముందుకి వచ్చి, కొట్టాయన వైపు చూసీ చూడనట్టు చూసి, గొంతు తగ్గించి, "పిన్నీ, నేనూ నాలుగు డబ్బులు కూడబెట్టుకుని వచ్చాను, నాకేమీ తెలియదు, మా బావ పాతవే కొనమన్నాడు. కాస్త నాక్కూడా చెయ్యి పెట్టి చూస్తారా?" అంది.

"అమ్మా, నా కొట్లో కూర్చుని నా మీదే దళారీనా!" అన్నాడు కొట్టాయన.

"నీ కొట్టు చల్లగా ఉంది నాయనా," అంది మా ఆవిడ. దర్జీ ఆవిడ చెయ్యి పట్టుకుని, ఆ వేళ్ళ మీద సూది గుచ్చుకున్న గరుకుని బొటనవేలితో ఒకసారి తడిమి, పని చేసిన చెయ్యే, అనుకుని, పక్క కుర్చీ చూపించింది, అంటే నా కుర్చీ. "దళారీ ఊరికే చెయ్యను, నాకూ వాటా ఉంటుంది మరి," అంది.

"ఎంతండీ?"

"చేతిలో చెబుతాను, రా." తర్వాత నా వైపు, నేను ఎక్కడ నిలబడ్డానో సరిగ్గా అక్కడికి ముఖం తిప్పి, "నువ్వలా కాసేపు కూర్చోవయ్యా. ఇక్కడ బేరముంది," అంది.

సంచీ నా చేతికిచ్చింది. గోడ పక్కన ఒక బల్ల ఉంది, భర్తల కోసమో భార్యల కోసమో వేసినది, అక్కడికి వెళ్ళి కూర్చున్నాను, ఈసారి అంచున కాదు. వీధి తలుపు మళ్ళీ తెరుచుకుంది, ఎవరో ముసలాయన లోపలికొచ్చి, గాజుబల్ల చుట్టూ మూగినవాళ్ళని చూసి, నా పక్కన కూర్చుని, "ఏం జరుగుతోందండీ అక్కడ? ఎవరావిడ?" అని అడిగాడు.

"దళారి," అన్నాను. నేను ఎవరినని కూడా అడుగుతాడేమోనని చూశాను. అడగలేదు. ఆగలేక నేనే చెప్పేశాను.

"నేను ఆవిడ తాలూకు మనిషిని."